ఆకు అడుగున దిగులు

1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతు పొద్దున్నే చేలోకి దిగగానే చేసే మొదటి పని ఆకు తిరగేసి చూడటం. పైకి పచ్చగా నవనవలాడే ఆకు అడుగున పిండి చల్లినట్టు తెల్లటి చుక్కలు కనిపించేవి. కొమ్మ కదిలిస్తే చాలు, పొగలా లేచి పక్క మొక్క మీద వాలేవి. అది తెల్లదోమ. రసం పీల్చి అది వదిలే తేనెలాంటి జిగురు కింది ఆకుల మీద పడేది, దానికి మసిలాంటి బూజు పట్టేది, చూస్తుండగానే చేను నల్లబారేది. పగిలిన కాయలోని దూది కూడా వేళ్లకు అంటుకునేది. రైతు దిగులు ఆ ఆకు అడుగునే మొదలయ్యేది.

ఇప్పుడు ఊళ్లో ఎవరిని కదిపినా "టెన్షన్" అంటున్నారు. అమరావతి చుట్టుపక్కల పెద్దవాళ్ల నోట మాత్రం ఇంకా దిగులు, బెంగ, గుబులు అనే మాటలే వినిపిస్తాయి. ఏ మాటతో చెప్పినా ఎదుటివాళ్లు దాన్ని మనిషి మెతకతనం కింద జమకట్టడం అలవాటు. అది తప్పు. ఈ నల్లరేగడి నేలలో దిగులుకు తేదీలున్నాయి, వడ్డీ రేట్లున్నాయి, పురుగుల పేర్లున్నాయి.

పాతకాలపు దిగులు వానది. 1832-33 నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువును గుంటూరు సీమ జనం డొక్కల కరువు అన్నారు. ఆ పేరు వింటే వేరే వర్ణన అక్కర్లేదు. పల్లెలకు పల్లెలే ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట కట్టారు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలారు. కాలువ కింద ఉన్నవాడికి మబ్బు వైపు చూసే బాధ కొంత తగ్గింది. అదే కాలంలో చేతికి డబ్బొచ్చే పంటలు పెరిగాయి, వాటితోపాటు అప్పూ పెరిగింది.

1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుంచి హెచ్-4 హైబ్రిడ్ పత్తి విడుదలైంది. కోయంబత్తూరు రకం ఎంసీయూ-5 గుంటూరు చేలల్లో బాగా విస్తరించింది. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చాయి. మొదట్లో కాయ తొలిచే పురుగు టపటపా రాలిపోతుంటే రైతు వాటిని సంజీవిని అనుకున్నాడు. కానీ అవి తెల్లదోమను తినే అక్షింతల పురుగుల్నీ, సాలీళ్లనీ, అల్లిక రెక్కల పురుగుల్నీ కూడా చంపేశాయి. అదుపు చేసే పురుగు లేక దోమ విరగబడింది. పక్క చేనువాడు ఒకసారి కొడితే ఇవతలివాడు రెండుసార్లు కొట్టాడు. అసలు దోమ ఎంతుందో లెక్కపెట్టి కొట్టినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు గుబులు ఆగక కొట్టారు. ప్రతి పిచికారీ దుకాణం పద్దులో ఇంకో వరుసయ్యేది. సలహా చెప్పేవాడూ, మందమ్మేవాడూ, అరువిచ్చేవాడూ చాలా ఊళ్లలో ఒక్కడే. ఆ ఒక్క మాటలోనే పత్తి రైతు చిక్కంతా ఉంది.

1987-88 సీజనులో పంట కుప్పకూలింది. రెండు జిల్లాల్లోనూ పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో కౌలు రైతులున్నారు, ఆ ఏడు ఆశపడి మరో నాలుగెకరాలు చేసినవాళ్లున్నారు. పదేళ్ల తర్వాత 1997-98లో వరంగల్ పత్తి చేలల్లో మళ్లీ అదే జరిగింది. ఈసారి పురుగు పేరు లద్దె పురుగు.

మనసు మీది బరువును అంకెల్లో కొలిచే ప్రయత్నం కూడా అప్పటికే జరిగింది. 1967లో అమెరికాలో థామస్ హోమ్స్, రిచర్డ్ రాహే అనే ఇద్దరు వైద్యులు జీవితంలోని 43 సంఘటనలకు మార్కులు వేసి ఒక పట్టిక తయారుచేశారు. అందులో విడాకులున్నాయి, ఇంటి తాకట్టుంది. పంట మాత్రం లేదు. 1984లో పాటియాలాకు చెందిన మానసిక వైద్యుడు గుర్మీత్ సింగ్, ఆయన సహచరులు మన దేశపు జనానికి సరిపోయేలా 51 సంఘటనలతో మరో పట్టిక ఇచ్చారు. అందులో జీవిత భాగస్వామి మరణానికి 95 మార్కులు. ఆస్తి లేదా పంట నష్టానికి 61. డబ్బు ఇబ్బందికి 54. పెద్ద అప్పుకు 49. ఇప్పుడు 1987 నాటి పత్తి రైతును తలుచుకోండి. పంట పోయింది, డబ్బు లేదు, అప్పు మీద పడింది. మూడూ ఒకే ఏడాదిలో, ఒకే ఇంటి మీద. మార్కులు కూడితే 164. ఆ మనిషిని పిరికివాడు అనే నోరు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

గుంటూరు శివారు లాం ఫారంలోని పరిశోధకులు పంట వైపు నుంచి జవాబు వెతికారు. తెల్లదోమను తట్టుకునే కాంచన రకం (ఎల్‌కే 861) అక్కడ పుట్టిందే. పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, ఆకుకు ఎన్ని దోమలున్నాయో లెక్కపెట్టి నష్టపరిమితి దాటితేనే మందు కొట్టడం క్రమంగా రైతుకు నేర్పారు. చెప్పినంత తేలిక కాదది. పక్క చేలో పంపు మోత వినిపిస్తుంటే చేతులు కట్టుకుని ఆకులు లెక్కపెట్టడానికి చాలా నిబ్బరం కావాలి. అప్పటి ఖమ్మం జిల్లా పునుకుల గ్రామం ఆ నిబ్బరాన్ని ఊరంతా కలిసి తెచ్చుకుంది. మహిళా సంఘాలు ముందుండగా, వేపకషాయాలతో పత్తి పండించి, పురుగుమందు లేని ఊరని ప్రకటించుకుంది. ఒంటరిగా ఉన్నప్పుడు భయపెట్టిన పురుగు పదిమంది కలిసి చూసేసరికి మామూలు పురుగే అయింది.

మిర్చి దిగులు ఇంకో తరహా. అది కల్లంలో ఆరబోసిన ఎర్రటి కాయల మధ్య, తాలుకాయలు ఏరే చేతుల మధ్య కూర్చుని ఉంటుంది. మబ్బు పడితే పట్టాలు కప్పడానికి పరుగు. టిక్కీలు (మిర్చి బస్తాలు) గుంటూరు యార్డుకు చేరాక ధర కోసం పడిగాపులు. 2021-22లో నల్ల తామరపురుగు పూతను తినేసింది. 2025లో పంట పండింది గానీ ధర పడిపోయి, కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయల మార్కెట్ జోక్యపు ధర ప్రకటించాల్సి వచ్చింది. మిర్చి కోతల రోజుల్లోనే శివరాత్రి వస్తుంది. నరసరావుపేట, చిలకలూరిపేట ప్రాంతపు ఊళ్లు ఎత్తయిన ప్రభలు కట్టి కోటప్పకొండకు తరలిస్తాయి. ప్రభకు ఒకరు వెదురు మోయాలి, ఒకరు తాళ్లు బిగించాలి, ఇంకొకరు ఎడ్లను పట్టుకోవాలి. ఆ పూట ఏ రైతూ ఒక్కడే కూర్చుని వడ్డీ లెక్క వేసుకోడు. దేవుడి సంగతి అలా ఉంచినా, తిరనాళ్ల చేసే ఈ మేలు చిన్నది కాదు.

రైతు దిగులును రాష్ట్ర ప్రభుత్వం లెక్క పెట్టడం మొదలుపెట్టింది చావు తర్వాత. 2004 జూన్‌లో వచ్చిన జీవో 421 మరణించిన రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పు తీర్చడానికి మరో 50 వేలు ఇవ్వాలంది. రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు విచారించి అది రైతు ఆత్మహత్యేనని తేల్చాలి. కౌలు రైతు దగ్గర కాగితమే ఉండదు. అతడికి గుర్తింపు కార్డు ఇచ్చే చట్టం 2011లో వచ్చింది, 2019లో మరొకటి వచ్చింది. సంతకం పెట్టడానికి భూమి యజమాని జంకే చోట ఆ కార్డు నేటికీ అందని పండే.

బతికుండగా మాట వినే ఏర్పాటు మాత్రం ఆలస్యంగానే అయినా వచ్చింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్‌కు 14416 నంబరు మీద ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. రోజూ రచ్చబండ దగ్గరకు వచ్చే రైతు నాలుగు రోజులుగా రాకపోతే, ఫోన్ ఎత్తకపోతే, ఆ సాయంత్రమే వాళ్లింటికి వెళ్లండి. పంట ఎలా ఉందని అడగకముందు నువ్వెలా ఉన్నావని అడగండి. ఆ నంబరు ఒక కాగితం మీద రాసి ఇచ్చి రండి.