ఉప్పల్ దారిలో పాత జీపు

హైదరాబాదు తూర్పు అంచున ఉన్న ఉప్పల్, నాచారం, హబ్సిగూడ ప్రాంతాల్లో జీపు చాలాకాలం సర్కారు బండిగానే తిరిగింది. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, జనం నోట ఎన్‌జీఆర్‌ఐ, ఉప్పల్ రోడ్డు మీద స్థిరపడింది. 1967లో సర్వే ఆఫ్ ఇండియా తన శిక్షణ కేంద్రాన్ని ఉప్పల్‌లో ప్రారంభించింది. భూమిని కొలవడం ఒకరి పని, భూమి లోపల ఏముందో చూడడం మరొకరి పని. రెండూ ఆఫీసులో కూర్చుని అయ్యేవి కావు. తారు రోడ్డు ఆగిన చోట నుంచే అసలు పని మొదలయ్యేది. అక్కడికి మనుషుల్నీ పరికరాలనీ చేర్చి మళ్ళీ వెనక్కి తేగలిగిన బండి ఆ రోజుల్లో దాదాపు ఒక్కటే: నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే జీపు.

ఆ బండి పుట్టింది యుద్ధం కోసం. 1941లో అమెరికా సైన్యానికి విల్లీస్-ఓవర్‌ల్యాండ్ కంపెనీ దీని తయారీ మొదలుపెట్టింది. అదే నమూనాను ఫోర్డ్ కంపెనీ కూడా చేసింది. 1945 నాటికి రెండు కంపెనీలూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారు చేశాయి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 80 అంగుళాలు, 2.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, 60 హార్స్‌పవర్. ఈ అంకెల్లో గొప్ప ఏమీ లేదు. గొప్పంతా దాని కట్టుబడిలో ఉంది. యుద్ధరంగంలో మామూలు సిపాయి పానాలతో విప్పి బిగించుకునేలా, ఒక బండి భాగం ఇంకో బండికి సరిపోయేలా గీసిన నమూనా అది. తర్వాత 70 ఏళ్ళకు పైగా ఈ బండి బతికిందంటే అందుకు మొదటి కారణం ఇదే.

యుద్ధం ముగిశాక డిస్పోజల్స్‌లో, అంటే సైన్యపు మిగులు సామాను అమ్మకాల్లో, అమ్మిన జీపులు దేశమంతా చేరాయి. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో మొదలైన కంపెనీ, దేశ విభజన తర్వాత 1948లో మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1949లో బొంబాయి మజగావ్‌లో విల్లీస్ జీపులను విడిభాగాలుగా తెప్పించి కూర్చడం మొదలుపెట్టింది. 1950ల నడిమి నుంచి తయారీ క్రమంగా ఇక్కడికే మళ్ళింది. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించినది సీజే-3బీ అనే ఎత్తు బానెట్ జీపు. కవాటాలు కొన్ని పైన ఉండే కొత్త ఇంజను ఎత్తుగా ఉండడంతో దానికోసం బానెట్ ఎత్తు పెంచారు. అమెరికాలో ఆ నమూనా 1953లో వచ్చి 1968లో ఆగిపోయింది. ఇండియాలో మాత్రం అదే ముఖం, అదే చాసిస్ కొద్దిపాటి మార్పులతో ఆ తర్వాత దశాబ్దాల పాటు నడిచాయి.

1952లో సమాజ వికాస పథకం మొదలైనప్పుడు బ్లాకుకో జీపు ఇచ్చారు. తెలుగు పల్లెకు బీడీవో అంటే జీపే. సమితి జీపు ఊళ్ళోకి వస్తే పిల్లలు వెంటపడడం, మలేరియా మందు కొట్టేవాళ్ళు, కుటుంబ నియంత్రణ ప్రచారం వాళ్ళు దాంట్లోంచే దిగడం ఒక తరానికి బాగా గుర్తు. అయితే ఆ జీపుల్లో చాలా వాటికి ముందు చక్రాల గేరు వేయాల్సిన అవసరం ఏడాదికి ఒకసారైనా వచ్చేది కాదు. దాన్ని నిజంగా వాడుకున్నది ఉప్పల్ రోడ్డు సంస్థల వంటివే.

ఎన్‌జీఆర్‌ఐ 1972 నుంచి 1975 వరకు నెల్లూరు జిల్లా కావలి నుంచి పడమటి తీరంలోని ఉడిపి వరకు సుమారు 600 కిలోమీటర్ల గీత పొడవునా భూపటలాన్ని పరీక్షించింది. సోవియట్ సహకారంతో జరిగిన ఈ పని దేశంలో మొదటి లోతు భూకంప తరంగ సర్వే. నేలలో గుంతలు తవ్వి మందుపాతర పేల్చి, ఆ కదలిక లోతు పొరల నుంచి తిరిగి వచ్చేదాన్ని జియోఫోన్లతో పట్టుకోవాలి. గీత ఎటు పోతే అటు వెళ్ళాలి. పొలమా, గుట్టా, వాగా అని ఎంచుకునే వీలు ఉండదు. అదే సంస్థ 1975లో వెలువరించిన దేశ గురుత్వాకర్షణ పటం వెనకా ఇలాంటి తిరుగుడే ఉంది. వేల చోట్ల ఆగి, గ్రావిటీ మీటరు దించి, చూసి, రాసుకుని, మళ్ళీ కదలాలి. కుదుపు పడితే ఆ మీటరు కొలత తేడా వస్తుంది. కాబట్టి కమాను కట్టలు బిగుసుకుపోకుండా గ్రీజు పెట్టి ఉంచడం డ్రైవరు బాధ్యతే అయినా, శాస్త్రం నాణ్యత కూడా కొంత దాని మీద ఆధారపడింది. పటాల కింద డ్రైవర్ల పేర్లు అచ్చుకావు. కానీ తెలంగాణ, రాయలసీమ దారుల మీద జీపు నడపడాన్ని ఒక విద్యగా నిలబెట్టింది ఆ తరమే.

బండి నడిచినంత కాలం దానికి మరమ్మతు కావాలి. ఈ విషయంలో తూర్పు హైదరాబాదుకు ఉన్న బలం చాలా ఊళ్ళకు లేదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపు 1893 నాటిది. నిజాం ప్రభుత్వ రైల్వే 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణాయే తర్వాత ఆర్టీసీ అయింది, దాని జోనల్ వర్క్‌షాపు ఉప్పల్‌లో ఉంది. 1943లో ప్రాగా టూల్స్ సికింద్రాబాదులో మొదలైంది. వీటిలో పని నేర్చుకున్న ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు ఉన్న ఊళ్ళోనే నాచారం, ఉప్పల్, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు పెరిగాయి. పెద్ద కంపెనీల గేట్ల పక్కన ఒక లేత్, ఒక డ్రిల్లింగ్ మెషిన్ పెట్టుకున్న చిన్న షెడ్లు వెలిశాయి. పాత జీపు యజమానికి షోరూమ్ కన్నా ఈ షెడ్డే ముఖ్యం. అరిగిన బ్రేక్ డ్రమ్ముకు లేత్ మీద చిన్న కోత వేసి గుండ్రం చేస్తారు. షాకిల్ బుష్‌లు, పిన్నులు కడ్డీ నుంచి తీసి ఇస్తారు. సిలిండర్ అరిగితే బోరింగ్ చేసి 10 థౌ, 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) పెద్ద పిస్టన్లు వేస్తారు. ఇక పెంచే వీలు లేనప్పుడు స్లీవులు దించి మళ్ళీ మొదటి కొలతకు తెస్తారు. లేత్ మీద కుదరనిది క్రౌన్-పినియన్ జత. దానికోసం రాణీగంజ్ స్పేర్ల దుకాణాలు, గోషామహల్ పాతసామాను, వనస్థలిపురం పక్కన ఆటోనగర్ తిరగాలి.

1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ఖరీదు జీపు చరిత్రను మలుపు తిప్పింది. ప్రభుత్వం వదిలించుకున్న బండ్లను వేలంలో కొన్న రైతులు, కాంట్రాక్టర్లు పెట్రోలు ఇంజను దించేసి డీజిల్ ఇంజను ఎక్కించారు. ట్రాక్టరు వంశపు ఇంజన్లు, మెటడోర్ ఇంజన్లు, తర్వాత ప్యూజో ఇంజన్లు జీపు బానెట్ కింద చేరాయి. కొత్త ఇంజనుకు పాత గేర్‌బాక్స్ అతకాలంటే మధ్యలో అడాప్టర్ ప్లేటు కావాలి. దాన్ని మళ్ళీ లేత్ షెడ్డే చేసిపెట్టాలి. బరువైన ఇంజనుకు ముందు కమాన్లలో ఒక పట్టీ అదనంగా వేసేవారు. మహీంద్రా కంపెనీ తానే ప్యూజో డీజిల్ ఇంజనుతో 1980ల్లో ఎమ్ఎమ్-540 వంటి బండ్లు అమ్మింది. 1985 చివర్లో వచ్చిన మారుతి జిప్సీ తేలికపాటి పెట్రోలు బండి, పోలీసులకూ సైన్యానికీ బాగా నచ్చింది. జబల్‌పూర్ సైనిక కర్మాగారం చేసిన నిస్సాన్ జోంగా సైన్యం వేలాల ద్వారా కొద్దిమంది ఔత్సాహికుల చేతికి వచ్చింది. దాదాపు 4 లీటర్ల పెట్రోలు ఇంజను కాబట్టి దాన్ని రోజూ నడిపేవారు అరుదు.

పాత జీపు సాకడంలో ఎక్కువ ఓపిక కోరేది ముందు ఇరుసు. చక్రం తిరగాలి, అదే సమయంలో పక్కకు మళ్ళాలి కూడా. అందుకోసం ఇరుసు చివర గోళంలాంటి కేసింగ్ ఉంటుంది, దాని చుట్టూ ఫెల్ట్ సీలు. సీలు అరిగితే గ్రీజు బయటికి కారుతుంది, దుమ్ము లోపలికి పోతుంది, గోళం మీద గీతలు పడతాయి. ఆ తర్వాత కొత్త సీలు వేసినా నిలవదు. నేర్పున్న మెకానిక్ ముందు గోళాన్ని ఎమరీ కాగితంతో నున్నగా చేసి, కింగ్‌పిన్ టోపీల కింద షిమ్ములు (పల్చని రేకులు) సర్ది, స్టీరింగ్ రాడ్డు తగిలించక ముందే నకిల్‌ను స్ప్రింగు త్రాసుతో లాగి చూస్తాడు. మరీ తేలిగ్గా కదిలితే ఒక షిమ్ తీస్తాడు, బిగువుగా ఉంటే ఒకటి కలుపుతాడు. ఈ పని తొందరలో చేస్తే 50 కిలోమీటర్ల వేగం దాటగానే ముందు చక్రాలు ఊగిపోతాయి. స్టీరింగ్ బాక్సును నిందించి కొత్తది కొన్నవాళ్ళు చాలామంది అసలు దోషం షిమ్ముల దగ్గరా, ముందు అడ్డపట్టీ మీది బెల్ క్రాంక్ పిన్ను దగ్గరా ఉందని ఆలస్యంగా తెలుసుకుంటారు.

గేరు కర్ర పక్కన ఉండే రెండు చిన్న కర్రల సంగతి తెలియకపోతే జీపు నడపడం వచ్చినట్టు కాదు. ఒకటి ముందు ఇరుసును కలుపుతుంది, రెండోది లో గేరు. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కనుక రెండు ఇరుసులూ కలిపాక ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే లెక్కన తిరగాలి. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం పోతాయి. ఇసుకలో, బురదలో ఆ తేడా జారిపోతుంది. గట్టి తారు రోడ్డు మీద జారే వీలు లేక గేర్లన్నీ ముడిపడి బిగుస్తాయి. అందుకే వరంగల్ రోడ్డు మీద జీపు రెండు చక్రాల బండే. సీజే-3బీలో లో గేరు వేసి మొదటి గేరులో పెడితే ఇంజను సుమారు 37 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. బ్రేకు తొక్కకుండానే బండి రాతి గుట్ట మీద నుంచి నడకంత నెమ్మదిగా దిగేది ఆ నిష్పత్తి వల్లే.

ఇలాంటి పెద్ద నిష్పత్తే దూరప్రయాణానికి అడ్డు. సీజే-3బీ టాప్ గేరులో కూడా చక్రం ఒక చుట్టుకు ఇంజను 5.38 చుట్లు తిరగాలి. గంటకు 60 కిలోమీటర్ల వద్దే ఇంజను నిమిషానికి 2400 చుట్లు దాటే దశకు వస్తుంది. కాబట్టి ఉప్పల్ చౌరస్తాలో బయల్దేరి ఘట్‌కేసర్, భువనగిరి, జనగామ మీదుగా హనుమకొండ, అక్కడి నుంచి ములుగు, తాడ్వాయి అడవి దారిన మేడారం, ఏటూరునాగారం వైపు వెళ్ళే పాత జీపు కార్లతో పోటీ పడదు. తెల్లవారుజామున కదిలి, ఎండ ముదరకముందే హనుమకొండ దాటేలా చూసుకుంటారు. ఆగిన ప్రతిచోటా ఒక్కో చక్రం బొడ్డు మీద చెయ్యి పెట్టి చూడడం పాత డ్రైవర్ల అలవాటు. ఒకటి మిగతా మూడింటికన్నా వేడిగా ఉంటే బేరింగ్ బిగువైందనో బ్రేకు పట్టుకుందనో లెక్క. ఫ్యాన్ బెల్టు, రేడియేటర్ గొట్టాలు, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసు ఒకటి, ఇరుసు నట్టుకు సరిపోయే పానా సంచిలో ఉండాల్సిందే. వాగు దాటాక కొద్ది దూరం బ్రేకు మీద మెల్లగా కాలు ఉంచి డ్రమ్ములు ఆరబెట్టాలి. ఇంటికి చేరాక డిఫరెన్షియల్ ఆయిలు ఒక చుక్క తీసి చూడాలి. అది పాలలా తెల్లబడి ఉంటే లోపలికి నీళ్ళు పోయినట్టే, వెంటనే మార్చాలి.

రోడ్డు మీద జీపుకు ఇప్పుడు చట్టం కూడా ఒక మలుపే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. తర్వాత ఐదేళ్ళకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చిన బండిని నమోదు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ 2023 ఏప్రిల్ 1 నుంచి రద్దయింది. అంటే ఒకప్పుడు ఉప్పల్ రోడ్డు సంస్థల నుంచి, జిల్లా ఆఫీసుల నుంచి వేలం ద్వారా వచ్చే పాత జీపుల దారి మూసుకుపోయింది. 2021లో వచ్చిన వింటేజ్ నిబంధనలు 50 ఏళ్ళు దాటిన సొంత బండ్లకు ప్రత్యేక నంబరు ఇస్తున్నాయి. కానీ చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. అలా నమోదైన బండిని ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, మరమ్మతు వంటి పనులకు తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. డీజిల్ ఇంజను వేయించుకుని పొలాల మధ్య యాభై ఏళ్ళు బతికిన జీపుకు ఈ గౌరవం దక్కదు. దాని యజమాని మళ్ళీ అసలు పెట్రోలు ఇంజను వెతికి, బోరింగ్ చేయించి ఎక్కించుకోవాలి. కొందరు ఆ పనికి పూనుకున్నారు. ఆ ఇంజను బ్లాకును తిరిగి కొలతకు తెచ్చే లేత్ షెడ్లు నాచారంలో ఇప్పటికీ పనిచేస్తున్నాయి.