అట్రాసిటీ కేసులో పరిహారం: ఎంత, ఎప్పుడు, ఎవరిని అడగాలి?

దాడి జరిగిన రోజు నుంచే ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి బాధిత కుటుంబం మీద పడతాయి. రాజీ బేరాలూ అప్పుడే మొదలవుతాయి. కానీ సాయం కోసం తీర్పు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. 1995 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక నియమాల్లో 12(4) ప్రకారం ఏడు రోజుల్లో తక్షణ సాయం అందించాలి. 2016 సవరణతో ఇది నేరాన్ని బట్టి రూ.85 వేల నుంచి రూ.8.25 లక్షల దాకా ఉంది.

కులదూషణ, అవమానం: రూ.1 లక్ష. ఎఫ్‌ఐఆర్ దశలో 25 శాతం, చార్జిషీట్ కోర్టుకు వెళ్లాక 50 శాతం, శిక్ష పడ్డాక 25 శాతం.

వైకల్యం: పూర్తిగా అయితే రూ.8.25 లక్షలు, 50 శాతానికి మించితే రూ.4.5 లక్షలు, అంతకన్నా తక్కువైతే రూ.2.5 లక్షలు. సగం వైద్య నివేదిక వచ్చాక, మిగతా సగం చార్జిషీట్ వేశాక.

హత్య: రూ.8.25 లక్షలు. సగం పోస్టుమార్టం తర్వాత, సగం చార్జిషీట్ తర్వాత. వితంతువుకు లేదా ఆధారపడినవారికి నెలకు రూ.5 వేల మూల పింఛను, దానిపై డీఏ అదనం.

12(5) ప్రకారం ఈ సాయం ఇతర చట్టాల కింద వచ్చే పరిహారానికి అదనం. వైద్య ఖర్చు, పోయిన ఆదాయం, అనుభవించిన బాధకు సివిల్ కోర్టులో దావా వేయొచ్చు. జిల్లా న్యాయసేవాధికార సంస్థనూ అడగొచ్చు.

కల్వకుర్తి 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. అర్జీ కలెక్టర్‌కు, కల్వకుర్తి ఆర్డీవోకు ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్‌లో సెక్షన్లు సరిగ్గా పడ్డాయో లేదో ముందే చూసుకోవాలి, మొత్తం వాటిని బట్టే ఉంటుంది. సాయం తీసుకోవడం రాజీ కాదు, కేసు నడుస్తూనే ఉంటుంది.