బారామహల్ నేర్పిన నమ్మకం

పై అధికారి మీద నమ్మకం ఉంటే కింది ఉద్యోగి ఎలా పనిచేస్తాడు? ఈ ప్రశ్నకు మన ధర్మపురి చరిత్రలోనే ఒక జవాబు దొరుకుతుంది.

1792లో శ్రీరంగపట్టణం సంధి జరిగింది. టిప్పు సుల్తాను బారామహల్ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాడు. మద్రాసులోని సివిలు ఉద్యోగులకు దేశభాషలు రావు. అందుచేత గవర్నర్ జనరల్ కారన్‌వాలీసు ఈ సీమను కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ అనే సైనికాధికారికి అప్పగించాడు. గ్రాహం, మెక్లియడ్, థామస్ మన్రో ఆయనకు సహాయకులు. మన్రో ధర్మపురిలో కాపురముండి, 1799 దాకా ఈ సీమలోనే పనిచేశాడు.

పొలాలు కొలిపించి శిస్తు నిర్ణయించడం వారి పని. శిస్తును కొన్నేళ్ల కౌలుగా ఖాయం చేయాలని రీడ్ మొదట తలచాడు. వాన మీద ఆధారపడ్డ రైతులు దానికి ఇష్టపడలేదు. ఏటా చేయగలిగినంత భూమి ఉంచుకుని, తక్కినది వదులుకునే వీలు 1796 నాటి ప్రకటనతో రీడ్ వారికి కల్పించాడు. అంతటితో ఆగక సహాయకుల అభిప్రాయాలూ అడిగాడు. మన్రో దాపరికం లేకుండా రాశాడు. కౌలు కంటే రైతు స్వేచ్ఛే మేలన్నాడు. తన మొదటి ఆలోచనకు భిన్నమైన మాటను రీడ్ ధిక్కారంగా ఎంచలేదు. రైత్వారీ పద్ధతి ఇలా రూపుదిద్దుకుంది. శిస్తు భారం మాత్రం తేలిక కాలేదన్నది కూడా నిజమే.

అలా మాట చెల్లిన ఉద్యోగి 1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరు, 1820లో మద్రాసు గవర్నరు అయ్యాడు. 1824 డిసెంబరు 31న రాసిన సుదీర్ఘమైన నివేదికలో భారతీయ ఉద్యోగుల సంగతి ఎత్తుకున్నాడు. చాలీచాలని జీతమిచ్చి, పెద్ద పదవులకు దూరంగా ఉంచి, అడుగడుగునా అనుమానిస్తూ నిజాయితీని ఆశించడం ఎలా అన్నది ఆయన వాదం. పరాయి పాలనలో అదే స్థితి కలిగితే ఇంగ్లీషువారూ దిగజారిపోతారన్నాడు.

కానీ గవర్నరు చెప్పినా పెద్ద పదవులు తెల్లవారి చేతుల్లోనే నిలిచాయి. 1827 జులై 6న పత్తికొండలో కలరాతో ఆయన కన్నుమూశాడు. రీడ్ తనకిచ్చిన నమ్మకాన్ని, కంపెనీ మన గుమాస్తాలకూ అమీనులకూ ఇవ్వలేదు.

నమ్మకం పైనుంచి కిందికి రావాలి. అడిగి, విని, ఎదురు మాటకు కోపగించని అధికారి దగ్గరే ఉద్యోగి ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. మన కచేరీల్లో, కార్ఖానాల్లో ఈ రోజుకీ పనికివచ్చే పాఠమిది.