మందు దగ్గర తొందర

మొన్నామధ్య చిన్నాయన, చిన్నమ్మ డాలస్‌లో ఉన్న తమ్ముడి దగ్గరికి వెళ్లారు. చిన్నాయన మందమర్రిలో షాట్ ఫైరర్‌గా చేసి రిటైరయ్యాడు. సింగరేణి సంగతి తెలియని వాళ్ల కోసం చెప్తున్నా.. బొగ్గు పొరలో డ్రిల్ చేసిన రంధ్రాల్లో మందు దట్టించి పేల్చే మనిషి అన్నమాట. (మందంటే మన వీకెండ్ మందు కాదు :) )

తమ్ముడు ముచ్చటపడి తన గ్యారేజ్ చూపించాడట. బల్ల మీద చేతి ప్రెస్సు, త్రాసు, ఇత్తడి కేసులు. కాల్చేసిన ఖాళీ కేసులకు కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, బుల్లెట్ బిగించి మళ్లీ తూటా చేసుకోవడం వాడి కొత్త హాబీ. రీలోడింగ్ అంటారు. సొంత వాడకానికైతే అక్కడ దానికి లైసెన్స్ అక్కర్లేదు.

చిన్నాయన కాసేపు చూసి, "రెండు మందు డబ్బాలు మూతలు తీసి పక్కపక్కన పెట్టినవేందిరా?" అన్నాడట. అంతే, రెండ్రోజులు తండ్రీకొడుకులకు మాటల్లేవు. ఇద్దరూ విడివిడిగా నాకు ఫోన్. తమ్ముడేమో "నాన్నకు ఇది తెల్వదన్నా, నా దగ్గర మాన్యువల్ ఉంది" అంటాడు. చిన్నాయనేమో "ఆ మాన్యువల్ ఎవరు రాసిన్రు బిడ్డా? చేతులు పోయినోళ్లను చూసి రాసిన్రు" అంటాడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. నేను పుట్టింది కరీంనగర్లో. ఆలోచిస్తే మా రెండు జిల్లాల చరిత్రలో మందు వాసన చాలానే ఉంది.

జగిత్యాల కోట 1747లో కట్టింది. నక్షత్రం ఆకారంలో ఉంటుంది. ఫిరంగి గుండు వస్తుందని తెలిసి కట్టిన కోట అది, ఇప్పటికీ దాని మీద ఫిరంగులున్నాయి. ఇక నిర్మల్. మనకు కొయ్యబొమ్మలే గుర్తొస్తాయి గానీ, 18వ శతాబ్దంలో నిజాం సైన్యానికి ఫిరంగులు పోసిన ఊరని దానికి పేరు. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ రేమాండ్ 1795లో పెట్టించింది.

కోటల్లో ఫిరంగులైతే, ఊళ్లల్లో, అడవిలో ఉన్నది భర్మార్. నింపు, కొట్టు అని అర్థం చెప్పుకుంటారు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపీలిక కూరి, గుండో రవ్వలో వేసి కడ్డీతో దట్టించాలి. ఇందులో ప్రమాదం ఎక్కడంటే రెండో గుండు దగ్గర. మొదటిసారి కాల్చినప్పటి నిప్పురవ్వ గొట్టంలో మిగిలి ఉంటే, కొత్తగా పోస్తున్న మందు అంటుకుంటుంది. మందుబుడ్డి నుంచి నేరుగా పోస్తుంటే మంట బుడ్డిలోకి పాకి అది చేతిలోనే పేలుతుంది. అందుకే ముందు చిన్న కొలపాత్రలోకి తీసి, అందులోంచి పోయడం, మూతికి ఎదురుగా మొహం పెట్టకపోవడం అనే పద్ధతులు వచ్చాయి.

కాగితపు తూటా కూడా ఇలాంటి అవసరంలోంచి వచ్చిందే. ఒక్క గుండుకు సరిపడా మందు ముందే కొలిచి కాగితంలో చుడితే, సిపాయి హడావుడిలో ఎక్కువతక్కువలు పొయ్యడు. అదే కాగితాన్ని పళ్లతో చించాల్సి వచ్చి, దానికి పూసిన కొవ్వు గొడవై 1857లో దేశం ఎలా భగ్గుమందో మనందరికీ తెలుసు. ఆ మంట ఆదిలాబాద్ దాకా వచ్చింది. గోండులు, రోహిల్లాలు కలిసి రాంజీ గోండు వెంట పోరాడారు. 1860లో ఆయన్ని, ఆయన మనుషుల్ని నిర్మల్‌లో ఉరితీశారు. ఆ చెట్టునే వెయ్యి ఉరుల మర్రి అన్నారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో చనిపోయేనాటికి తుపాకి లోకమే మారిపోయింది. 1860ల్లో ఇత్తడి తూటాకు బాక్సర్, బర్డాన్ అని రెండు రకాల ప్రైమర్లు వచ్చాయి. తమాషా ఏంటంటే బాక్సర్ ఇంగ్లీషువాడు, ఆయన పద్ధతి అమెరికాలో నిలబడింది. బర్డాన్ అమెరికన్, ఆయనది యూరప్‌లో నిలబడింది. బాక్సర్ కేసుకు అడుగున మధ్యలో ఒకే రంధ్రం, పాత ప్రైమర్‌ని ఒక సూదితో తోసెయ్యొచ్చు. అమెరికాలో గ్యారేజ్ రీలోడింగ్ ఇంతగా పెరగడానికి ఈ చిన్న డిజైన్ తేడా ఒక కారణం.

1884లో ఫ్రాన్స్‌లో వియేల్ పొగరాని మందు తయారు చేశాడు. అసలు మార్పు ఇక్కడ. పాత నల్లమందు కొలపాత్రతో కొలిచేది, కొంచెం తేడా వచ్చినా తట్టుకునేది. కొత్త మందు బలం చాలా ఎక్కువ, అందుకే తూకం వెయ్యాలి. ఆ తూకం గ్రెయిన్లలో ఉంటుంది. గ్రాముల్లో కాదు! ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. త్రాసు ఏ యూనిట్లో ఉందో చూడకుండా పని మొదలుపెడితే ఏమవుతుందో మన ఫీల్డ్ వాళ్లకు వేరే చెప్పాలా.. 1999లో నాసా మార్స్ ఆర్బిటర్ పోయింది యూనిట్ల గందరగోళంతోనే కదా.

ఇప్పుడు చిన్నాయన అడిగిన ప్రశ్నకొద్దాం. రెండు డబ్బాలు ఎందుకుండకూడదు? మిగిలిన మందు తిరిగి పోసేటప్పుడు పొరపాటున వేరే డబ్బాలో పడుతుంది. వేగంగా మండేది, నిదానంగా మండేది కలిస్తే తర్వాత ఎవరూ విడదీయలేరు. కాబట్టి బల్ల మీద ఎప్పుడూ ఒక్క డబ్బానే. మిగతా రూల్సూ అంతే. కొన్ని పిస్టల్ తూటాల్లో మందు కేసులో సగం కూడా నిండదు. ఫోన్ మోగి ధ్యాస మళ్లితే అదే కేసులో రెండోసారి పోస్తారు, పైకి తేడా కనిపించదు. అందుకే బుల్లెట్ బిగించే ముందు కేసులన్నీ వరసగా నిలబెట్టి టార్చి వేసి చూడాలి. అసలు మందే పడకపోతే ఇంకో గండం. ప్రైమర్ దెబ్బకే బుల్లెట్ కదిలి గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది, వెనకాల ఇంకోటి కాలిస్తే గొట్టం పగులుతుంది. శబ్దం తేడాగా వస్తే ఆపెయ్యాలి, ఖాళీ చేసి గొట్టం చూడాలి. ప్రైమర్లు వచ్చిన ప్యాకెట్లోనే ఉండాలి. మందు కంపెనీ డబ్బాలోనే ఉండాలి, ఎందుకంటే అంటుకున్నా ఒత్తిడి పెరగకముందే విచ్చుకునేలా దాన్ని చేస్తారు. గట్టి ఇనప పెట్టెలో బిగిస్తే మనమే బాంబు చేసినట్టు. కళ్లద్దాలు తప్పనిసరి. సీసం ఉంటుంది కాబట్టి బల్ల దగ్గర తినకూడదు, చేతులు కడగకుండా పిల్లల్ని ఎత్తుకోకూడదు.

ఇవన్నీ చిన్నాయనకు ఫోన్లో చదివి వినిపించాను. నవ్వాడు. "మాదీ గంతే బిడ్డా" అన్నాడు. గనిలో మందు, డెటొనేటర్లు వేర్వేరుగా తీసుకెళ్లాలి. రంధ్రంలో దట్టించడానికి చెక్క కర్రే, ఇనుప కడ్డీ కాదు. పేలకపోతే వెంటనే దగ్గరికి పోకూడదు, ఆగాలి. తుపాకి పేలకపోయినా అంతే, మూతి గురివైపే ఉంచి ఆగాలి. మామూలు నల్లమందు మంటకు గని గాలిలోని మీథేన్ అంటుకుంటుంది కాబట్టి, మంట తక్కువ వచ్చే మందు వేరే తెచ్చారు. గనుల్లో ఒక్కో రూలు వెనక ఒక్కో ప్రమాదముంటుంది.

మనం పాత కోడ్‌లో ఎందుకుందో తెలియని ఒక ఇఫ్ కండిషన్ చూసి చిరాకుపడి తీసేస్తాం. ప్రొడక్షన్లో పగిలితే వెనక్కి తిప్పుకుంటాం. మందు దగ్గర రోల్‌బ్యాక్ లేదు. తమ్ముడికి నేను చెప్పిందిదే: రూల్ పాటించడమే కాదు, అది ఎందుకు పుట్టిందో తెలుసుకో. కారణం తెలిసినవాడు అలసిపోయిన రాత్రి కూడా దాన్ని దాటవెయ్యడు.

ఇక మనవాళ్లకు రెండు ముక్కలు. ఇండియాలో ఇలాంటివి ఇంట్లో చేసి చూద్దామనుకోకండి. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్స్ లేకుండా తూటా తయారీ నేరం. 2019 సవరణతో అక్రమ తయారీకి కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. అమెరికాలో కూడా హెచ్‌-1బీ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్లు వేట లైసెన్స్ లాంటి మినహాయింపు లేకుండా తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు, అది ఫెడరల్ చట్టం. మా తమ్ముడికి గ్రీన్ కార్డ్ ఉంది కాబట్టి సరిపోయింది. రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగుతోనే శంషాబాద్‌లో దిగకండి, మూలన మర్చిపోయిన ఒక్క తూటా చాలు కేసవడానికి.

చిన్నాయన తిరిగొచ్చాడు. వచ్చేముందు తన చేత్తో తెలుగులో ఓ కాగితం రాసి ఆ బల్ల పైన గోడకు అతికించి వచ్చాడట. తమ్ముడు ఫోటో పంపాడు. మొదటి లైను: "ఫోను బయట పెట్టి రా".