సెగకు జతగా మంచు

ఒక కొవ్వొత్తి ఇచ్చే వెలుగు దాదాపు 12 ల్యూమెన్లు. అదే మంట నుంచి వచ్చే వేడి సుమారు 80 వాట్లు. ఆ వేడిలో అర శాతాన్ని కరెంటుగా మార్చి మంచి ఎల్‌ఈడీకి అందిస్తే 40 ల్యూమెన్ల దాకా వెలుగొస్తుంది. కొవ్వొత్తి తన మంటతో ఇవ్వలేని వెలుగును తన సెగతో ఇవ్వగలదన్నమాట! ఈ సంగతి తెలిశాక దీని పుట్టుపూర్వోత్తరాలు తవ్వకుండా ఉండలేకపోయాను.

షికాగో దగ్గరున్న మా నేపర్‌విల్‌లో సైన్స్ ఫెయిర్ హడావిడి చలికాలంలో ఉంటుంది. ఈ ప్రయోగానికి అంతకన్నా మంచి అదను లేదు. కావలసిన ముఖ్యమైన వస్తువు నాలుగు సెంటీమీటర్ల చదరపు పెల్టియర్ పలక. అందులో సాధారణంగా 127 జతల బిస్మత్ టెల్యురైడ్ ముక్కలు వరసగా కలిపి ఉంటాయి. కింద కొవ్వొత్తి, మధ్యలో అల్యూమినియం రేకు, దాని మీద పలక, ఆ పైన పెరట్లో తవ్వుకొచ్చిన మంచు నింపిన స్టీలు గ్లాసు. రెండు వైపుల మధ్య 60 డిగ్రీల తేడా నిలబడితే మూడు వోల్టుల దాకా వస్తుంది. తీగలు తగిలించి పని చేయిస్తే అందులో సగం పడిపోతుంది. మంట నేరుగా తగిలితే పలక లోపలి టంకం కరిగిపోతుంది, అందుకే ఆ రేకు.

పిల్లలు మంట మీదే దృష్టి పెడతారు. కానీ కరెంటు పుట్టేది వేడి వల్ల కాదు, వేడికీ చలికీ ఉన్న తేడా వల్ల. లోహంలో వేడి కొసన ఉన్న ఎలక్ట్రాన్లు చలి కొస వైపు జరుగుతాయి. వేర్వేరు పదార్థాల్లో ఆ జరుగుడు వేర్వేరుగా ఉంటుంది కాబట్టి, రెంటినీ జత చేస్తే ఆ తేడాయే కరెంటవుతుంది. పలక మొత్తం ఒకే వేడికి వచ్చిందా, దానికి తగిలించిన బల్బు ఆరిపోతుంది.

దీన్ని లోకానికి చూపించినవాడు థామస్ యోహాన్ సీబెక్. వైద్యం చదివి భౌతికశాస్త్రంలోకి వచ్చినవాడు, రంగుల పరిశోధనలో మహాకవి గోథేకి తోడు నిలిచినవాడు. 1821లో బెర్లిన్‌లో రాగినీ బిస్మత్‌నూ చుట్టులా కలిపి ఒక అతుకును వేడి చేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. అది వేడి వల్ల పుట్టిన అయస్కాంతత్వమే అన్నాడాయన. భూమి అయస్కాంతత్వానికీ భూమధ్యరేఖకూ ధ్రువాలకూ మధ్య ఉన్న వేడి తేడాయే కారణమని ఊహించాడు. కాదు, తీగలో పారుతున్నది విద్యుత్తని చెప్పి దానికి థర్మోఎలక్ట్రిసిటీ అని పేరు పెట్టినవాడు డెన్మార్క్‌కి చెందిన అయిర్‌స్టెడ్. ఆ మాట సీబెక్ ఒప్పుకోలేదు. ఒప్పుకోకుండానే ఒక్కో లోహాన్నీ ఖనిజాన్నీ ఓపిగ్గా పరీక్షించి వరసలో పేర్చాడు. ఆ వరసలోని పదార్థాలనే సరిగ్గా జత చేసి ఉంటే దాదాపు 3 శాతం సామర్థ్యం వచ్చేదని, అది ఆనాటి ఆవిరి యంత్రాలకు దీటని నూరేళ్లు దాటాక సోవియట్ శాస్త్రవేత్త అబ్రామ్ యోఫే లెక్క తేల్చాడు. చేతికందిన పండు చెట్టుమీదే ఉండిపోయింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం సీబెక్ ప్రయోగానికి ఐదేళ్ల తర్వాతది. కొలోన్‌లో జార్జ్ ఓమ్ అనే బడి మాస్టారు, తీగ పొడవు మారితే కరెంటు ఎలా మారుతుందో కొలవాలనుకున్నాడు. ఆ రోజుల బ్యాటరీల బలం నిమిషానికో రకంగా ఉండేది. సీబెక్ జంటను వాడి చూడమని పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహా ఇచ్చాడు. ఓమ్ ఒక అతుకును మరిగే నీళ్లలో, రెండోదాన్ని మంచులో ఉంచాడు. మరిగే నీటి వేడీ కరిగే మంచు చలీ మారవు కాబట్టి కరెంటూ నిలకడగా వచ్చింది. మనమంతా బళ్లో బట్టీపట్టిన ఓమ్ నియమం 1826లో అలా వేడికీ మంచుకీ మధ్య రూపుదిద్దుకుంది.

ఆ తర్వాత ఇటలీకి చెందిన శాస్త్రవేత్త మెల్లోని, ముప్పై అడుగుల దూరాన నిలబడ్డ మనిషి ఒంటి వేడిని ఇలాంటి జంటల దొంతరతో పసిగట్టాడు. 1834లో, ఒకప్పటి గడియారాల పనివాడు పెల్టియర్ దీన్ని తిరగేశాడు: కరెంటు పంపితే ఒక అతుకు చల్లబడింది. 1838లో లెంజ్ అనే శాస్త్రవేత్త అలాగే నీటి బొట్టును గడ్డకట్టించి, కరెంటు దిశ మార్చి కరిగించాడు.

ఇంతలో డైనమో వచ్చింది, దీన్ని పక్కకు నెట్టేసింది. మళ్లీ ప్రాణం పోసింది యోఫే బృందం. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ గెరిల్లాలు నెగడు మీద పెట్టిన పాత్ర అడుగు నుంచి రేడియోకి కరెంటు తీశారు. యుద్ధం తర్వాత కిరోసిన్ దీపం చుట్టూ రెక్కలు బిగించి, ఆ సెగతోనే రేడియో మోగించారు. కిరోసిన్ దీపాలతోనే రాత్రులు గడిపిన మన పల్లెలకి అంతకన్నా అక్కరకొచ్చే వస్తువేముంటుంది! 1977లో బయల్దేరిన వోయేజర్ నౌకలకూ ప్లుటోనియం వేడి నుంచి ఈ పద్ధతిలోనే కరెంటు అందుతోంది.

కథ ఇప్పుడు మా చుట్టుపక్కలే నడుస్తోంది. షికాగోకి ఉత్తరాన ఎవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో మెర్కూరీ కనాట్జిడిస్ బృందం, వేడిని బాగా అడ్డుకునే టిన్ సెలెనైడ్ స్ఫటికం గురించి 2014లో ప్రకటించింది. వేడిని అడ్డుకోవడమే దాని గొప్పతనం, ఎందుకంటే రెండు వైపుల తేడా చెరిగిపోదు.

మన పాఠాల్లో ఓమ్ సూత్రం మిగిలింది, ఆయన మంచుగిన్నె పోయింది. ఏ కష్టాన్ని దాటి ఆ సూత్రం పుట్టిందో చెప్పకుండా సూత్రం ఒక్కటే అప్పజెప్పడం పిల్లలకు అన్యాయమే. కాబట్టి ఈ ప్రాజెక్టు చేయించే అమ్మానాన్నలకి నా మనవి: బల్బు వెలగగానే ఫొటో తీసుకుని ఆపేయకండి. రెండు వైపులా థర్మామీటర్లు పెట్టించండి, మంచు ఉన్నంతసేపూ వోల్టులు ఎలా ఉన్నాయో, అంతా కరిగిపోయాక ఎలా తగ్గుతున్నాయో గీత గీయించండి. ఆ గీత సొంతంగా గీసిన పిల్లకి ఓమ్ ఎందుకు మంచు తెచ్చుకున్నాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.