హంగరీ తొలి శిల్పి

పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున హంగరీ దేశమందు కవులు కలరు, పండితులు కలరు, మాతృభాషోద్ధరణకై అహోరాత్రములు పాటుపడినవారును కలరు. కాని పాలరాతిని మలచి జాతి హృదయమునకు రూపమీయజాలిన స్వదేశీయ శిల్పి మాత్రము కానరాకుండెను. ఆ లోటును తీర్పబూనినవాడు, నేడు స్లొవేకియాలో చేరియున్న రిమసొంబత్ పట్టణమున తాళములు చేయు కమ్మరి యింట 1792లో జన్మించిన ఫెరెంత్సీ ఇష్త్వాన్. మనవలెనే హంగరీయులును ఇంటిపేరును ముందుంచి వ్రాయుదురు. అతడు మొదట తండ్రి వృత్తిని నేర్చి, పిమ్మట వియన్నాలో కళాభ్యాసము చేసి, 1818లో కాలినడకను రోము నగరము చేరి, డెన్మార్కు దేశీయుడగు థోర్వాల్డ్‌సెన్ శిల్పశాలలో పనికి కుదిరెను.

అతని కృతులలో శ్రేష్ఠమైన ‘గొల్లపిల్ల’ అచ్చటనే రూపుదాల్చెను. కూర్చుండి, ముందునకు వంగి, చేతికఱ్ఱతో ఇసుకపై ప్రియుని రూపమును గీయుచున్న కన్య యామె. ఎడబాయనున్న ప్రియుని నీడవెంబడి ఒక యువతి గీచిన గీతనుండియే రూపకళ జనించెనని ప్రాచీనుల గాథ. ఆ గాథను గొల్లపిల్ల కథగా మార్చి, తన దేశమున శిల్పకళ ఇప్పుడు పుట్టుచున్నదని చాటుటకే అతడీ వస్తువును గ్రహించెను. కనుకనే దీనికి ‘లలితకళారంభము’ అనియు పేరు కలిగినది. థోర్వాల్డ్‌సెన్ ఛాయ ఇందు లేకపోలేదు. ఐనను ఆ వంగిన మెడయందలి ఏకాగ్రత గురువు సొత్తని నేనంగీకరింపజాలను. 1822లో దీనిని, చొకొనయి మహాకవి అర్ధవిగ్రహమును అతడు స్వదేశమునకు పంపెను.

1824లో మరలివచ్చి బుదాలో శిల్పశాల నెలకొల్పిన పిమ్మటనే అతని అసలు శ్రమ మొదలయ్యెను. ఇటలీలో రాతిని గనినుండి తెచ్చువారు, మలచువారు, కొనువారు తరతరములుగా ఉండిరి. హంగరీలో అన్నిటిని శిల్పియే సమకూర్చుకొనవలసివచ్చెను. స్వదేశపు శిల్పము స్వదేశపు పాలరాతిలోనే వెలయవలెనను పట్టుదలతో అతడు కొండలు గాలించెను; జీవనమునకై సమాధిశిలలు చెక్కెను. పదునేనవ శతాబ్దమున ఏలిన మాత్యాష్ రాజునకు మహాస్మారకమును నిర్మింపవలెనని మాత్రము జీవితమంతయు కలలు కనెను. చందాలు చాలలేదు, విమర్శకులు మెచ్చలేదు, యత్నము భగ్నమయ్యెను. (ఆ రాజునకు ఘనమైన స్మారకమును 1902లో కొలొజ్వార్‌లో ఫద్రుస్ యానోష్ నిలిపెను, ఆ భాగ్యమును చూచుటకు ఫెరెంత్సీ లేడు.) తుదకు తన నమూనాలను తానే పగులగొట్టి అతడు పుట్టినయూరికి వెడలిపోయెను.

దీనిని పరాజయమని వ్రాయుట వాడుక; నాకట్లు తోపదు. 1848–49 స్వాతంత్ర్యసమరమున పోరాడిన ఇజో మిక్లోష్ అను యువకుడు శిల్పవిద్యలో తొలిపాఠములు నేర్చినది, రిమసొంబత్‌లో ఏకాంతవాసము చేయుచున్న ఈ వృద్ధుని చెంతనే. ఫెరెంత్సీ 1856లో కన్నుమూసెను. ఆరేండ్లకు ఇజో, రోమక సౌందర్యాదర్శమును విడిచి, హంగరీ మైదానమున కఱ్ఱనానుకొని నిలిచిన శోకార్తుడగు గొల్లవానిని పాలరాతిలో చెక్కెను. 1871లో దెబ్రెత్సెన్ నగరమున, గురువు శిరోభాగమునే మలచిన చొకొనయికి, నిలువెత్తు కంచువిగ్రహమును నెలకొల్పెను.