అథ్లెటిక్స్: 9 టైటిళ్లు గెలిచినా సొంతూరు మిగలని బేస్‌బాల్ జట్టు

అమెరికాలో బేస్‌బాల్ అంటే మన దగ్గర క్రికెట్ లాంటి పిచ్చి. అక్కడి మేజర్ లీగ్‌లో ఇప్పుడు 30 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు సీజన్‌లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆఖర్లో రెండు లీగ్‌ల విజేతలు 'వరల్డ్ సిరీస్'లో తలపడతాయి. ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిన జట్టే చాంపియన్.

ఈ ఆటలో ఎక్కువసార్లు శిఖరానికి ఎక్కి, అంతే వేగంగా పాతాళానికి పడిపోయిన జట్టు ఏదంటే ముందు చెప్పాల్సిన పేరు అథ్లెటిక్స్. అభిమానులు ముద్దుగా 'ఏస్' అంటారు. విచిత్రం ఏమిటంటే, ఈ జట్టు చాలాసార్లు మైదానంలో ఓడి పడిపోలేదు. ఖాతా పుస్తకంలో ఓడి పడిపోయింది.

ఫిలడెల్ఫియా: ఒకే మేనేజర్, 50 ఏళ్లు

జట్టు 1901లో ఫిలడెల్ఫియాలో పుట్టింది. మేనేజర్ కానీ మాక్. యూనిఫాం వేసుకోకుండా సూటు, టైతోనే జట్టును నడిపిన మనిషి. 1901 నుంచి 1950 వరకు ఆ కుర్చీ ఆయనదే. జట్టులో వాటా కూడా ఉండేది.

1910, 1911, 1913లో జట్టు చాంపియన్ అయింది. 1914లో 99 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కు వెళ్లినా, బోస్టన్ బ్రేవ్స్ చేతిలో వరుసగా నాలుగు మ్యాచ్‌లు ఓడిపోయింది. అదే సమయంలో ఫెడరల్ లీగ్ అనే కొత్త పోటీ లీగ్ వచ్చి ఆటగాళ్లకు పెద్ద జీతాలు ఆశ చూపింది. అంత ఇచ్చుకోలేక మాక్ చేతులెత్తేశారు. స్టార్ ఆటగాడు ఎడ్డీ కాలిన్స్‌ను 50 వేల డాలర్లకు షికాగోకు అమ్మేశారు. మరికొందరు కొత్త లీగ్‌కు వెళ్లిపోయారు. ఫలితం మరుసటి ఏడాదే కనిపించింది. 1915లో 43 విజయాలు, 109 ఓటములు. 1916లో ఇంకా ఘోరం: 36 విజయాలు, 117 ఓటములు. వరుసగా ఏడు సీజన్లు ఆఖరి స్థానమే.

మాక్ ఓపిగ్గా మళ్లీ జట్టును కట్టారు. 1929, 1930లో చాంపియన్, 1931లో ఫైనలిస్ట్. ఈలోగా ఆర్థిక మాంద్యం వచ్చి టికెట్లు కొనేవాళ్లు తగ్గిపోయారు. లెఫ్టీ గ్రోవ్, జిమ్మీ ఫాక్స్ లాంటి దిగ్గజాలను మళ్లీ ఒక్కొక్కరిగా అమ్ముకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో జట్టుకు మరో టైటిల్ రాలేదు.

కాన్సాస్ సిటీ: 13 ఏళ్లు, ఒక్క మంచి సీజన్ లేదు

1955లో కొత్త యజమాని జట్టును కాన్సాస్ సిటీకి తరలించారు. అక్కడ ఉన్న 13 సీజన్లలో ఒక్కసారి కూడా ఓటముల కంటే విజయాలు ఎక్కువ రాలేదు. మంచి ఆటగాళ్లు తయారైతే చాలామంది న్యూయార్క్ యాంకీస్‌కు వెళ్లిపోయేవారు. అలా వెళ్లిన రోజర్ మారిస్ 1961లో 61 హోమ్ రన్‌లు కొట్టి రికార్డు సృష్టించాడు.

ఓక్లాండ్: వరుసగా మూడు, ఆపై ఖాళీ

1968లో యజమాని చార్లీ ఫిన్లీ జట్టును కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌కు తెచ్చారు. రెగ్గీ జాక్సన్, క్యాట్‌ఫిష్ హంటర్, రోలీ ఫింగర్స్ లాంటి కుర్రాళ్లు అప్పటికే జట్టులో ఉన్నారు. 1972, 1973, 1974లో వరుసగా మూడు టైటిళ్లు వచ్చాయి.

ఆ తర్వాత రూలు మారింది. అంతవరకు ఆటగాడు యజమాని చెప్పిన జట్టుకే కట్టుబడి ఉండేవాడు. 1975 చివర్లో వచ్చిన మధ్యవర్తి తీర్పుతో, ఒప్పందం ముగిసినవాళ్లు నచ్చిన జట్టుకు వెళ్లే దారి దొరికింది. ఫిన్లీ అంత జీతాలు ఇవ్వడానికి సిద్ధపడలేదు. స్టార్లు వెళ్లిపోయారు. 1979లో జట్టు 108 మ్యాచ్‌లు ఓడింది. ఏప్రిల్‌లో ఒక మ్యాచ్‌కు వచ్చిన ప్రేక్షకుల లెక్క 653 మాత్రమే!

1980లో హాస్ కుటుంబం జట్టును కొని డబ్బు పెట్టింది. 1988 నుంచి 1990 వరకు వరుసగా మూడుసార్లు ఫైనల్ చేరింది. 1989లో పక్క నగరం శాన్‌ఫ్రాన్సిస్కో జట్టునే ఓడించి కప్పు గెలిచింది. ఆ సిరీస్ మధ్యలోనే అక్టోబర్ 17న పెద్ద భూకంపం వచ్చి పది రోజులు ఆట ఆగిపోయింది.

తక్కువ డబ్బుతో ఎక్కువ గెలుపు

2002లో జట్టు జీతాల బిల్లు దాదాపు 4 కోట్ల డాలర్లు. యాంకీస్‌ది 12 కోట్లకు పైనే. అయినా జనరల్ మేనేజర్ బిల్లీ బీన్ గణాంకాలను నమ్ముకుని, ఇతరులు పట్టించుకోని ఆటగాళ్లను ఏరుకున్నారు. జట్టు 103 మ్యాచ్‌లు గెలిచింది. అందులో వరుసగా 20 విజయాలు ఉన్నాయి. దీని మీదే 'మనీబాల్' పుస్తకం, తర్వాత సినిమా వచ్చాయి. కానీ కప్పు మాత్రం రాలేదు. కొన్నాళ్లకు మిగతా జట్లూ అదే పద్ధతి నేర్చుకున్నాయి.

ఆఖరి అంకం

ఓక్లాండ్ స్టేడియం పాతబడింది. కొత్తది కట్టే చర్చలు ఏళ్ల తరబడి సాగి కూడా తేలలేదు. యాజమాన్యం ఖర్చు తగ్గించడంతో 2023లో జట్టు 112 మ్యాచ్‌లు ఓడింది. 'జనం రావట్లేదు' అన్న మాట అభిమానులకు మండించింది. ఆ ఏడాది జూన్ 13న 27 వేల మందికి పైగా కావాలనే మైదానానికి వచ్చి, జట్టును అమ్మేయాలని యజమాని జాన్ ఫిషర్‌ను ఉద్దేశించి నినాదాలు చేశారు. ఫలితం లేకపోయింది. లాస్ వెగాస్‌లో స్టేడియానికి నెవాడా రాష్ట్రం 38 కోట్ల డాలర్ల వరకు ప్రభుత్వ సాయం ఆమోదించింది. నవంబర్‌లో లీగ్ యజమానులంతా తరలింపుకు ఓటేశారు.

2024 సెప్టెంబర్ 26న ఓక్లాండ్‌లో ఆఖరి మ్యాచ్ జరిగింది. దాదాపు 47 వేల మంది ముందు టెక్సాస్ జట్టుపై 3-2తో గెలిచి వీడ్కోలు చెప్పింది. 2025 నుంచి శాక్రమెంటో పక్కన ఒక చిన్న మైదానంలో ఆడుతోంది. పేరు ముందు ఏ ఊరూ లేదు, కేవలం 'అథ్లెటిక్స్'. లాస్ వెగాస్ స్టేడియం 2028 నాటికి సిద్ధం కావాలన్నది ప్రణాళిక.

బాస్కెట్‌బాల్ జట్టు 2019లో, ఫుట్‌బాల్ జట్టు 2020లో ఇప్పటికే ఓక్లాండ్‌ను వదిలేశాయి. ఖాళీ అయిన అదే మైదానంలో 2025 జూన్‌లో మేజర్ లీగ్ క్రికెట్ సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్‌లోనే ఫిన్ అలెన్ 51 బంతుల్లో 151 పరుగులు బాదాడు. ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలకు అది దగ్గరి మైదానమే. ఓక్లాండ్‌లో తాతల కాలం నుంచి ఏస్ టోపీ పెట్టుకున్న ఇళ్లకు మాత్రం, అరవై ఏళ్లకు దగ్గరైన ఒక అలవాటు తెగిపోయింది.